చందమామపై అంతుచిక్కని వెలుగులు.. క్షణంలో మెరిసి మాయం! వందల ఏళ్లుగా చూస్తున్నా తేలని మిస్టరీ.. అసలు అక్కడ ఏం జరుగుతోంది?

2019 జనవరి 21. సంపూర్ణ చంద్రగ్రహణం. అమెరికా, యూరప్‌లో జనం చలిలో వణుకుతూ మేడల మీద నిలబడి చూస్తున్నారు. బయటికి రాలేనివాళ్లు ఫోన్లలో లైవ్ పెట్టుకున్నారు. చంద్రుడు పూర్తిగా ఎర్రబడ్డాడు. అంతలో అంచు దగ్గర చిన్న తెల్లటి చుక్క. కనురెప్ప వేసి తీసేలోపు మాయం.

"నాకొక్కడికే కనిపించిందా? కెమెరాలో ఏదైనా లోపమా?" అంటూ సోషల్ మీడియాలో ప్రశ్నలు మొదలయ్యాయి. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కెమెరాలతో తీసిన వీడియోలను పక్కపక్కన పెట్టి చూశారు. అదే సెకను, అదే చోటు, అదే చుక్క. అంటే కెమెరా తప్పు కాదు. చంద్రుడి మీద నిజంగానే ఏదో జరిగింది.

మనం మాత్రం దాన్ని చూసే అవకాశమే లేదు. అప్పుడు మనకి ఉదయం 10 గంటల 11 నిమిషాలు. చంద్రుడు మన ఆకాశంలోనే లేడు.

ఇలాంటి వెలుగుల కథ ఇప్పటిది కాదు. టెలిస్కోపులు రాకముందు నుంచీ ఉంది. రాజుల కాలంలో చూశారు, అపోలో కాలంలో చూశారు, ఇప్పుడూ చూస్తున్నారు. కొన్నింటి గుట్టు తేలింది. కొన్నింటిది ఈరోజుకీ తేలలేదు. బ్రిటన్‌కి చెందిన ఖగోళ పరిశీలకుడు పాట్రిక్ మూర్ వీటికి 'ట్రాన్సియెంట్ లూనార్ ఫినామినా' అని పేరు పెట్టారు. తెలుగులో సింపుల్‌గా చెప్పాలంటే చంద్రుడి మీద కనిపించి మాయమయ్యే వింతలు.

నాసా లిస్టులో వందల సంఘటనలు

ఇదేదో గ్రహాంతరవాసుల కథ చెప్పే యూట్యూబ్ చానళ్ల వ్యవహారం అనుకుంటే పొరపాటే. 1968లో నాసా స్వయంగా ఒక జాబితా ప్రచురించింది. 1540 నుంచి 1967 దాకా చంద్రుడి మీద ఏదో వింత కనిపించిందని నమోదైన సంఘటనలు అందులో 570కి పైగా ఉన్నాయి. పదేళ్ల తర్వాత, 1978లో, విన్‌ఫ్రెడ్ కామెరాన్ అనే శాస్త్రవేత్త దాన్ని ఇంకా పెంచారు. లెక్క 1,468కి చేరింది.

ఎర్రటి మెరుపులు, పొగమంచు లాంటి మసక, ఉన్నట్టుండి ఒక బిలం ప్రకాశవంతం కావడం, నీలి ఛాయలు, సెకనులోపు మెరుపులు.. అన్నీ అందులో ఉన్నాయి. కొన్ని సెకనులో పోయాయి, కొన్ని గంటల తరబడి ఉన్నాయట. ఇన్ని రకాలని ఒకే గాటన కట్టడం వల్లే ఈ సబ్జెక్ట్ ఇంత గందరగోళంగా తయారైంది.

నివురు గప్పిన నిప్పులా.. హెర్షెల్ ఏం చూశాడు?

యురేనస్ గ్రహాన్ని కనిపెట్టిన విలియం హెర్షెల్ పేరు వినే ఉంటారు. 1787 ఏప్రిల్ 19 రాత్రి ఆయన ఇంగ్లండ్‌లో తన టెలిస్కోపుని నెలవంక వైపు తిప్పాడు. వెలుగు పడని చీకటి భాగంలో మూడు చోట్ల ఎర్రటి కాంతి కనిపించింది. వాటిలో ఒకటి బాగా ప్రకాశంగా ఉంది. సన్నటి బూడిద పొర కప్పిన నిప్పుకణికలా ఉందని ఆయన రాసుకున్నాడు. మన భాషలో నివురు గప్పిన నిప్పు అంటామే, అచ్చం అదే.

చంద్రుడి మీద అగ్నిపర్వతాలు బద్దలవుతున్నాయని హెర్షెల్ నమ్మాడు. రాయల్ సొసైటీకి అదే రిపోర్ట్ ఇచ్చాడు. అప్పట్లో ఆయన మాటకి తిరుగులేదు.

కానీ ఇవాళ చాలామంది శాస్త్రవేత్తలు వేరే కారణం చెబుతారు. అమావాస్య దాటాక విదియ, తదియ నాడు చంద్రుణ్ణి జాగ్రత్తగా చూడండి. వెలిగే నెలవంకతో పాటు మిగతా గుండ్రటి భాగం కూడా బూడిదరంగులో లీలగా కనిపిస్తుంది. అది భూమి నుంచి వెళ్లిన వెలుగు. సూర్యకాంతి మన సముద్రాలు, మబ్బుల మీద పడి, తిరిగి చంద్రుడి మీదకి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ మన కంటికి చేరుతుంది. హెర్షెల్ చూసింది సరిగ్గా అలాంటి రోజుల్లోనే.

ఆ లీలావెలుగులో మిగతా వాటికంటే ఎక్కువ మెరిసే చోటు ఒకటుంది. దాని పేరు అరిస్టార్కస్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అరిస్టార్కస్.. అన్ని వేళ్లూ దాని వైపే

మనకి కనిపించే చంద్రుడి ముఖంలో 'తుఫానుల మహాసముద్రం' అని ఒక పెద్ద నల్లటి మైదానం ఉంది. పేరుకే సముద్రం, చుక్క నీరుండదు. అందులో దాదాపు 40 కిలోమీటర్ల వెడల్పున్న బిలమే అరిస్టార్కస్. చుట్టుపక్కల నేలంతా ముదురు రంగు, ఇదొక్కటే తెల్లగా ధగధగలాడుతుంది. పక్కనే పాము పడగలా కనిపించే 'కోబ్రా హెడ్', దాన్నుంచి మెలికలు తిరుగుతూ పోయే పెద్ద లోయ. ఒకప్పుడు లావా పారిన దారి అది.

నమ్మదగ్గవిగా తేలిన రిపోర్టుల్లో దాదాపు సగం ఈ ఒక్క ప్రాంతం నుంచే వచ్చాయని కొలంబియా యూనివర్సిటీ శాస్త్రవేత్త అర్లిన్ క్రాట్స్ లెక్కగట్టారు. అంత పెద్ద చంద్రుడి మీద ఇక్కడే ఎందుకు?

రెండు జవాబులు ఉన్నాయి. ఒకటి, అక్కడ నిజంగానే ఏదో ఉంది. రెండు, అది ఎలాగూ మెరుస్తుంది కాబట్టి అందరి చూపూ అటే పోతుంది, ఎక్కువ చూసినచోట ఎక్కువ 'కనిపిస్తుంది'. ఏది కరెక్ట్? నిజానికి రెండింటిలోనూ పస ఉంది.

1963.. ఎయిర్‌ఫోర్స్ మ్యాపులు గీసేవాళ్లకి చెమటలు

అప్పటికి మనుషుల్ని చంద్రుడి మీదకి పంపాలని అమెరికా నిర్ణయించుకుంది. అంటే ముందు మ్యాపులు కావాలి. ఆ పని అమెరికా ఎయిర్‌ఫోర్స్ మ్యాపుల విభాగానికి అప్పగించారు. అరిజోనాలోని లోవెల్ అబ్జర్వేటరీలో 24 అంగుళాల టెలిస్కోపు దగ్గర జేమ్స్ గ్రీనేకర్, ఎడ్వర్డ్ బార్ రాత్రులు కూర్చుని చంద్రుడి నేలని అంగుళం అంగుళం పరిశీలించేవారు. ఉద్యోగమే అది. చంద్రుడి నేల వాళ్లకి సొంత వీధి లాగా తెలుసు.

1963 అక్టోబర్ చివర్లో ఒక రాత్రి, అరిస్టార్కస్ దగ్గర ఎర్రటి, నారింజ రంగు మెరుపులు కనిపించాయి. కాసేపు ఉండి పోయాయి. నెల తిరక్కుండానే నవంబర్ 27న మళ్లీ అదే ప్రాంతంలో రంగు కనిపించింది. ఈసారి అబ్జర్వేటరీ డైరెక్టర్ కూడా కళ్లారా చూశారు.

ఎవరో కొత్తగా టెలిస్కోపు కొన్న కుర్రాడు చెబితే కొట్టిపారేయొచ్చు. చూసింది మ్యాపులు గీసే ప్రొఫెషనల్స్. మనుషుల్ని దింపబోయే చోట నేల మండుతుంటే పరిస్థితేంటి? నాసా సీరియస్‌గా తీసుకుంది. 'మూన్ బ్లింక్' పేరుతో ఒక ప్రాజెక్ట్ మొదలైంది. ఎరుపు, నీలం ఫిల్టర్లని వెంటవెంటనే మారుస్తూ చూస్తే, రంగు తేడా ఉన్న చోటు టపటపా ఆరి వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. అదీ ఐడియా.

ఇక్కడ ఒక చిన్న మెలిక. గ్రీనేకర్ వాడింది గాజు కటకాల టెలిస్కోపు. అన్ని రంగుల కాంతినీ కటకం ఒకేచోట కలపలేదు. బాగా తెల్లగా మెరిసే వస్తువు అంచుల్లో ఎరుపు, నీలం గీతలు కనిపించడం మామూలే. మన భూమి గాలి పొర కూడా అదే పని చేస్తుంది. చంద్రుడు ఆకాశంలో కిందికి ఉన్నప్పుడు మరీ ఎక్కువ. అందుకే ఆ రంగులు చంద్రుడివా, కటకానివా అన్న వాదన ఇప్పటికీ ఆగలేదు.

జైలు నుంచి వచ్చి చంద్రుణ్ణి పట్టుకున్న కోజిరెవ్

కంటితో చూసినదాన్ని నమ్మకపోతే సరే, మరి కాంతిని విడదీసి ఫొటో తీస్తే?

సోవియట్ ఖగోళ శాస్త్రవేత్త నికొలాయ్ కోజిరెవ్ చేసింది అదే. స్టాలిన్ కాలంలో అరెస్టై, దాదాపు పదేళ్లు నిర్బంధంలో గడిపి, 1946లో విడుదలై మళ్లీ పరిశోధనకి వచ్చినవాడు ఆయన. చంద్రుడు చల్లారిన బొగ్గు కాదు, లోపల ఇంకా వేడి ఉందన్నది ఆయన పట్టు. 1958 నవంబర్ 3న క్రిమియా అబ్జర్వేటరీలో అల్ఫాన్సస్ అనే బిలం మధ్య శిఖరాన్ని చూస్తుండగా అది ఎర్రబారి, తర్వాత తెల్లగా మెరిసింది. ఆయన తీసిన వర్ణపటంలో కార్బన్ వాయువు ఆనవాళ్లు ఉన్నట్టు ప్రకటించాడు.

ప్రపంచం రెండుగా చీలింది. ఫొటో ప్లేటు మీద లోపమని కొందరన్నారు, ఇంతకు మించిన సాక్ష్యం ఏం కావాలని కొందరన్నారు. తర్వాత ఆయనకి అంతర్జాతీయ ఆస్ట్రోనాటిక్స్ అకాడమీ బంగారు పతకం కూడా ఇచ్చింది. కానీ అదే చోట అలాంటి ఫలితం మళ్లీ ఎవరికీ పక్కాగా దొరకలేదు. సైన్స్‌లో ఒక్కసారి కనిపిస్తే చాలదు. అదే చిక్కు.

అపోలో 11కి హ్యూస్టన్ నుంచి ఒక రిక్వెస్ట్

1969 జులై 19. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, కాలిన్స్ చంద్రుడి చుట్టూ తిరుగుతున్నారు. నేలమీద అడుగుపెట్టడానికి ఇంకా ఒక రోజుంది. పశ్చిమ జర్మనీలోని బోఖుమ్ నుంచి పరిశీలకులు అరిస్టార్కస్ దగ్గర వెలుగు పెరిగిందని చెప్పారు. దాంతో హ్యూస్టన్ కంట్రోల్ రూమ్ నుంచి మెసేజ్ వెళ్లింది. వీలైతే అటు ఓ చూపు చూడండి అని.

కిటికీలోంచి చూసిన ఆర్మ్‌స్ట్రాంగ్, చుట్టుపక్కల కంటే ఒక ప్రాంతం బాగా ఎక్కువ వెలుగుతో ఉందని, కాస్త ఫ్లోరసెంట్ లాంటి మెరుపు ఉన్నట్టుందని చెప్పారు. అంతకుమించి తేల్చలేకపోయారు. ఆ సమయంలో అక్కడ పడుతున్నది భూమి వెలుగే. అరిస్టార్కస్ ఆ వెలుగులో ఎలాగూ మెరుస్తుంది. మొదటిసారి చూసినవాళ్లకి ఎంత మెరిస్తే 'మామూలు', ఎంత మెరిస్తే 'ఎక్కువ'?

1972 డిసెంబర్‌లో అపోలో 17 వ్యోమగామి హారిసన్ ష్మిట్, గ్రిమాల్డీ బిలానికి ఉత్తరాన ఒక చిన్న మెరుపు చూశానని రేడియోలో చెప్పారు. ఆయన మామూలు పైలట్ కాదు, జియాలజీ చదివిన శాస్త్రవేత్త. అయితే అంతరిక్షంలో కళ్లు మూసుకున్నా మెరుపులు కనిపిస్తాయి. కాస్మిక్ కిరణాలు కంటిలోంచి దూసుకెళ్లినప్పుడు అలా జరుగుతుందని అపోలో వ్యోమగాములు చాలామంది చెప్పారు. ష్మిట్ చూసింది నేల మీదా, కంటిలోనా? తేలలేదు.

మరి తేలిందేంటి?

ఇక్కడ కథ రెండు దారులవుతుంది. సెకనులోపు మెరుపులు ఒక దారి. నిమిషాల తరబడి ఉండే వెలుగులు, రంగులు ఇంకో దారి.

మొదటిదాని గుట్టు రట్టయింది. అవి ఉల్కలు.

మన భూమి మీదకి వచ్చే చిన్న రాయి గాలిలోనే కాలిపోతుంది. రాలే చుక్క అంటాం. చంద్రుడికి గాలి లేదు. ఇసుక రేణువైనా, బండరాయైనా సెకనుకి పదుల కిలోమీటర్ల వేగంతో నేరుగా నేలకి కొట్టుకుంటుంది. ఆ దెబ్బకి రాయి, కింద నేల కలిసి కరిగి, ఆవిరై, ఎర్రగా కాగి మెరుస్తాయి. గాలి లేకుండా మంట ఎలా వస్తుందని చాలామందికి డౌట్. అది మంట కాదు. కొలిమిలో కాలిన ఇనుము మెరిసినట్టు, వేడికి వచ్చే వెలుగు.

పింగ్‌పాంగ్ బంతి సైజు రాళ్లు రోజుకి దాదాపు 100 దాకా చంద్రుడిపై పడుతుంటాయని నాసా అంచనా. ఒక్కోటి మూడు కిలోలకి పైగా డైనమైట్ పేల్చినంత దెబ్బ కొడుతుంది.

తొలిసారి పక్కాగా పట్టుకున్నది 1999 నవంబర్ 18న. లియోనిడ్ ఉల్కాపాతం జరుగుతుండగా, చంద్రుడి చీకటి భాగంలో మెరుపుల్ని అమెరికాలో వేర్వేరు చోట్ల నుంచి పరిశీలకులు ఒకేసారి నమోదు చేశారు. ఆ 'వేర్వేరు చోట్ల నుంచి' అన్నదే కీలకం. ఒకే కెమెరాలో చుక్క కనిపిస్తే అది సెన్సర్‌కి తగిలిన కాస్మిక్ కిరణం కావచ్చు. మధ్యలో అడ్డొచ్చి మెరిసిన శాటిలైట్ కావచ్చు. కానీ శాటిలైట్ మనకి దగ్గర, చంద్రుడు దూరం. రెండు ఊళ్ల నుంచి చూస్తే శాటిలైట్ చంద్రుడి మీద వేర్వేరు చోట్ల కనిపిస్తుంది. ఉల్క మెరుపు మాత్రం ఎక్కడి నుంచి చూసినా ఒకేచోట ఉంటుంది.

2013 మార్చి 17న నాసా టీమ్ చూసిన మెరుపు అప్పటిదాకా వాళ్లు నమోదు చేసినవాటిలో అన్నిటికంటే ప్రకాశవంతమైనది. రాయి బరువు సుమారు 40 కిలోలు, వేగం గంటకి దాదాపు 90 వేల కిలోమీటర్లు. ఆ టైమ్‌లో అటే చూస్తున్నవాళ్లకి టెలిస్కోపు లేకుండా కూడా కనిపించేది. తర్వాత చంద్రుడి చుట్టూ తిరిగే లూనార్ రికనిసెన్స్ ఆర్బిటర్ పాత ఫొటో, కొత్త ఫొటో పోల్చి చూస్తే, అంతకుముందు లేని 18 మీటర్ల గుంత దొరికింది. మెరుపు చూశారు, గుంత చూపించారు. ఇక వాదనకి తావేది?

అదే ఏడాది సెప్టెంబర్ 11న స్పెయిన్ శాస్త్రవేత్త హోసే మాడియెడో ఇంకా పెద్దది పట్టుకున్నారు. దాని వెలుగు 8 సెకన్లకి పైగా ఉంది. మొదట్లో చెప్పుకున్న 2019 గ్రహణం నాటి మెరుపుని విశ్లేషించిందీ ఆయన టీమే. 45 కిలోల రాయి, గంటకి 61 వేల కిలోమీటర్ల వేగం, 10 నుంచి 15 మీటర్ల గుంత పడి ఉంటుందని తేల్చారు. మెరుపు ఉన్నది మాత్రం 0.28 సెకను!

గ్రీస్‌లో 1.2 మీటర్ల టెలిస్కోపుతో యూరప్ అంతరిక్ష సంస్థ 2017లో ఇదే పని మొదలుపెట్టింది. రెండు కెమెరాలతో రెండు రంగుల్లో ఒకేసారి రికార్డ్ చేశారు. దాంతో మెరుపు వేడి ఎంతో కూడా తెలిసింది. 1,300 నుంచి 2,800 డిగ్రీల సెల్సియస్ దాకా ఉందట. జపాన్‌లో హిరత్సుక సిటీ మ్యూజియం క్యూరేటర్ దైచి ఫుజీ 2023 ఫిబ్రవరి 23న ఇంటి దగ్గర పెట్టుకున్న కెమెరాలతోనే ఒక మెరుపుని పట్టారు. ఆ వీడియో మీలో చాలామంది ఫోన్లకి వచ్చే ఉంటుంది.

తప్పు చెప్పిన ఫొటో కథ

అన్నీ ఇలా పక్కాగా ఉంటాయనుకోవద్దు. 1953లో అమెరికాలోని ఓక్లహామాకి చెందిన డాక్టర్ లియోన్ స్టువర్ట్ చంద్రుడి మధ్యలో తెల్లటి చుక్కతో ఒక ఫొటో తీశారు. చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 2003లో ఇద్దరు పరిశోధకులు, ఆ మెరుపుకి సరిపోయే 1.5 కిలోమీటర్ల కొత్త బిలం దొరికిందని ప్రకటించారు. పెద్ద వార్త అయింది. కొద్దిరోజులకే గాలి తీసేశారు. అదే బిలం 1953కి ముందు తీసిన పాత ఫొటోల్లో కూడా ఉంది మరి!

1178 నాటి కథ కూడా అంతే. జూన్ 18 సాయంత్రం నెలవంక పై కొమ్ము రెండుగా చీలి నిప్పులు కక్కిందని ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో అయిదుగురు చెప్పగా ఒక మఠం చరిత్రకారుడు రాసిపెట్టాడు. 22 కిలోమీటర్ల 'జోర్డానో బ్రూనో' బిలం ఏర్పడింది అప్పుడేనని 1976లో ఒక వాదన వచ్చింది. నిజమైతే లేచిన శకలాలు భూమి మీదకి వచ్చి వారం పాటు ఉల్కల వాన కురవాలి. చైనా, కొరియా, జపాన్, అరబ్ రికార్డుల్లో ఎక్కడా ఆ ఊసే లేదు. ఆ బిలం వయసు కూడా కనీసం పది లక్షల ఏళ్లని జపాన్ కగుయా ఉపగ్రహం ఫొటోలతో లెక్క తేలింది.

ఇంకా తేలనివి.. చంద్రుడు ఊపిరి వదులుతున్నాడా?

ఇక రెండో దారి. నిమిషాల తరబడి ఉండే వెలుగులు. వీటిలో ఎక్కువ భాగం మన గాలి పొర, కటకాలు, అలసిన కళ్లు చేసే మాయ అనే శాస్త్రవేత్తలే ఎక్కువ. కానీ అన్నీ అదేనా అంటే గట్టిగా చెప్పలేని కారణం ఒకటుంది. గ్యాస్.

1971లో అపోలో 15 చంద్రుడి చుట్టూ తిరుగుతూ అరిస్టార్కస్ మీద రేడాన్ వాయువుని గుర్తించింది. 1998-99లో లూనార్ ప్రాస్పెక్టర్ కూడా అదే చోట పట్టుకుంది. రేడాన్‌కి ఆయుష్షు తక్కువ, నాలుగు రోజులకి సగం అయిపోతుంది. అంటే ఎప్పటిదో పాతది కాదు, అప్పటికప్పుడు నేలలోంచి వచ్చినదే. వందల ఏళ్లుగా జనం వేలు చూపిస్తున్న చోటే గ్యాస్ కూడా రావడం యాదృచ్ఛికమా?

లోపల పేరుకున్న గ్యాస్ ఒక్కసారిగా తన్నుకొస్తే మెత్తటి దుమ్ము పైకి లేస్తుంది, ఆ దుమ్ము మీద ఎండ పడి మెరుస్తుంది అన్నది ఒక వాదన. వినడానికి బాగుంది. అలా లేస్తుండగా ఏ ఉపగ్రహమూ ఇప్పటిదాకా పట్టుకోలేదు.

ఈ విషయంలో మన ఇస్రోకి కూడా వాటా ఉంది. శ్రీహరికోట నుంచి 2019లో వెళ్లిన చంద్రయాన్-2 ఆర్బిటర్, చంద్రుడి చుట్టూ ఉండే అతి పల్చటి వాయువుల్లో ఆర్గాన్-40ని కొలిచింది. చంద్రుడి లోపలి పొటాషియం క్షీణించి ఈ గ్యాస్ పుడుతుంది. అది అన్నిచోట్లా సమానంగా లేదని, కొన్ని ప్రాంతాల మీద ఎక్కువగా ఉందని 2022లో ఇస్రో వెల్లడించింది. 2023 ఆగస్టు 26న చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్‌లోని పరికరం సహజమైనదిగా అనిపించే ఒక ప్రకంపనని కూడా నమోదు చేసింది. ఇవేవీ వెలుగులకి సాక్ష్యం కాదు. చంద్రుడు పూర్తిగా చచ్చిన రాయి కాదని మాత్రం చెబుతాయి.

మనకెందుకు ఇదంతా?

చంద్రుడి మీద మనుషులు నెలల తరబడి ఉండేలా స్థావరాలు కట్టాలని అమెరికా, చైనా ప్లాన్లు వేస్తున్నాయి. 2040 నాటికి భారతీయుడు చంద్రుడిపై దిగాలన్నది మన దేశం పెట్టుకున్న టార్గెట్. అక్కడ గొడుగు పట్టే గాలి పొర లేదు. 2013 మార్చి నాటి రాయి పడిన గుంత 18 మీటర్లే. కానీ ఎగిరిన మట్టి, రాళ్ల దెబ్బకి 30 కిలోమీటర్ల దూరం దాకా కొత్త మచ్చలు పడ్డాయి. అంటే రాయి నెత్తిన పడక్కర్లేదు, పక్క ఊళ్లో పడినా స్పేస్ సూట్‌కి చిల్లు పడే ప్రమాదముంది. ఏ సైజువి, నెలకి ఎన్ని, ఏ ఉల్కాపాతం రోజుల్లో ఎక్కువ అన్న లెక్క లేకుండా గోడ మందం ఎంతుండాలో ఎవరూ చెప్పలేరు. ఈ మెరుపుల్ని లెక్కపెట్టడం అందుకే.

మీ ఫోన్‌లో కనిపిస్తుందా?

ఫోన్ జూమ్‌లో చంద్రుడి మీద ఏదో కదిలిందని వచ్చే వీడియోల్లో ఎక్కువ భాగం లెన్స్‌లో పడిన వెలుగో, పక్షో, శాటిలైటో. పైగా ఇప్పటి ఫోన్లలో కొన్ని చంద్రుడి ఫొటోకి సొంతంగా మెరుగులు దిద్దుతాయి. అలాంటి ఫొటో సాక్ష్యానికి పనికిరాదు.

నిజంగా ప్రయత్నించాలంటే పౌర్ణమి వద్దు. ఆ వెలుగులో ఏదీ కనిపించదు. అమావాస్య తర్వాత విదియ నుంచి ఓ వారం, సాయంత్రం పడమటి ఆకాశంలో నెలవంక చీకటి భాగం చూడాలి. లేదంటే అమావాస్యకి ముందు వారం, తెల్లవారుజామున. డిసెంబర్‌లో జెమినిడ్ ఉల్కాపాతం లాంటి రోజులు కలిసొస్తే ఛాన్స్ ఎక్కువ. 8 అంగుళాల టెలిస్కోపు, దానికి తగిలించిన వీడియో కెమెరా, సెకనులో భాగాల దాకా కరెక్ట్‌గా ఉండే టైమ్ ఉంటే చాలు. ఇంకో ఊళ్లో ఉన్న ఫ్రెండ్‌ని కూడా అదే టైమ్‌కి రికార్డ్ చేయమనండి. ఇద్దరి వీడియోల్లోనూ అదే సెకనులో, అదే చోట చుక్క ఉంటేనే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు.